గడ్డకట్టిన శనివారాలు

"ఏయ్! పచ్చిక మీంచి దిగు! ముందు దిగు, తరవాత మాట్లాడుకుందాం!"

టాన్సీ హార్గ్రీవ్స్ ఆగింది గానీ దిగలేదు. రెండు చేతుల మీదా పైలు పేర్చిన ట్రేలు. మాంసమో బంగాళాదుంపో కూరి కాల్చిన వేడి పై ఒకటి చేతిలో లేకపోతే మా బ్రాకెన్‌షా జనం ఫుట్‌బాల్ ఆట చూసినట్టే ఒప్పుకోరు. వంటగదేమో గ్రౌండుకి ఈ పక్క, టాన్సీ స్టాలేమో ఆ పక్క. చుట్టూ తిరిగి వెళ్తే పైలు చల్లారతాయి. అడ్డంగా వెళ్తే ఇదిగో, ఇలాంటివాడొకడు అరుస్తాడు.

అరిచినవాడి పేరు ఎల్లిస్ ఓగ్డెన్. క్లబ్బు పచ్చికని కంటికి రెప్పలా చూసుకునే ఇద్దరిలో చిన్నవాడు. మోకాళ్ళ దాకా బురద, చలికి ఎర్రబడ్డ చెవులు, చేతిలో ఒక ఇనప చువ్వ.

"గడ్డేగా," అంది టాన్సీ.

"గడ్డేగానా? మీ ఇంట్లో తివాచీ మీద ఎవరైనా గుర్రాన్ని తోలితే తివాచీయేగా అని ఊరుకుంటావా?"

"అంటే నేను గుర్రాన్నా?"

ఎల్లిస్ చువ్వ కిందికి దించాడు. అప్పుడు గానీ ఆమె ముఖం సరిగ్గా చూడలేదు. చూశాక అనాల్సిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

"నిన్ను కాదు. నీ బూట్లని అన్నా."

"నా డెక్కల్నా?"

"అబ్బ! తప్పయిపోయింది తల్లీ. ఆ ట్రేలు ఇలా ఇయ్యి, చుట్టూ తిరిగి నేను పట్టుకొస్తా. నువ్వు మాత్రం కదలకు. కాదు, కదులు. మెల్లగా. మునివేళ్ళ మీద."

మునివేళ్ళ మీద నడుస్తున్న అమ్మాయినీ, ట్రేలు మోస్తూ గ్రౌండు చుట్టూ పరిగెత్తుతున్న కుర్రాడినీ చూసి, స్టాళ్ళన్నిటికీ పెద్ద దిక్కయిన మోరీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. మోరీన్ అరవై దాటిన మనిషి. ఆమె నవ్విందంటే మూడు వీధులకి వినబడుతుంది.

"ఏమే పిల్లా, వచ్చిన మొదటి రోజే మోసేవాణ్ణి పట్టేశావే!" అంది.

టాన్సీది సున్నా గంటల ఉద్యోగం. నవ్వకండి, దాన్ని అలాగే అంటారు. వారానికి ఇన్ని గంటల పని ఇస్తామని కంపెనీ మాట ఇవ్వదు. అవసరమైతే ఫోనుకి మెసేజ్ పెడుతుంది, పరిగెత్తుకు రావాలి. అవసరం లేకపోతే పెట్టదు, ఎదురుచూస్తూ కూర్చోవాలి. పెట్టాక మళ్ళీ 'వద్దు' అని ఇంకోటి పెట్టినా చిత్తం మహాప్రభో అనాలి. ఉద్యోగం ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. దీన్ని కనిపెట్టిన మహానుభావుడికి వాళ్ళావిడ రాత్రి భోజనం కూడా ఈ పద్ధతిలోనే పెడితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

క్లబ్బు వేరు, క్లబ్బులో పైలూ టీలూ అమ్మే కాంట్రాక్టు కంపెనీ వేరు. ఎల్లిస్ క్లబ్బు మనిషి, ఆట ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి జీతం. టాన్సీ, మోరీన్, మిగతా ఆడవాళ్ళు కంపెనీ మనుషులు. ఈ తేడా ఎల్లిస్‌కి తెలుసు. పక్క ఊళ్ళో వరదొచ్చిందని తెలిసినట్టు తెలుసు.

ఇక ఆ శీతాకాలం వాళ్ళిద్దరూ ప్రేమలో పడ్డ తీరు పైల క్యూలో నిలబడ్డవాళ్ళందరూ చూశారు.

"ఒక బంగాళాదుంప పై," అనేవాడు ఎల్లిస్, ఆట మధ్య విరామంలో.

"పచ్చిక మీద తునకలు రాల్చనని ప్రమాణం చెయ్యి."

"ఒట్టు."

"పొద్దున్న చూశాను, నీ గడ్డికి దుప్పటి కప్పుతున్నావు."

"మంచు పడితే గట్టిపడిపోతుందిగా. ఆటగాళ్ళ కాళ్ళు విరుగుతాయి."

"ఇక్కడ మేమూ గట్టిపడిపోతున్నాం. మాకెవరు కప్పుతారు?"

వెనక క్యూ అంతా ఈలలు వేసింది. ఎల్లిస్ చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి. మరుసటి శనివారం తన ఉన్ని మఫ్లరు తెచ్చి స్టాలు మేకుకి తగిలించి, ఎవరిదో తెలియనట్టు వెళ్ళిపోయాడు. టాన్సీ కూడా ఎవరిదో తెలియనట్టే మెడకి చుట్టుకుంది.

ఒకరోజు ఆట అయ్యాక వాన దంచి కొట్టింది. ఇద్దరూ పరిగెత్తి, ఆడని ఆటగాళ్ళు కూర్చునే రేకు పందిరి కింద దూరారు. ఎదురుగా పచ్చిక మీద వాన తెరలు తెరలుగా పడుతోంది.

"టాన్సీ, నీకో మాట చెప్పాలి."

"పచ్చిక గురించైతే వద్దు."

"పచ్చిక గురించి కాదు."

"అయితే అటు చూస్తావేం? ఇటు చూసి చెప్పు."

ఇటు చూశాడు. చూశాక చెప్పాల్సిన పని లేకపోయింది. వాన తగ్గేదాకా ఉందామనుకున్నవాళ్ళు, వాన తగ్గాక కూడా చాలాసేపు ఉన్నారు.

డిసెంబరు నాటికి ఇద్దరికీ ఒక ఇల్లు కనబడింది. మిల్లు వీధిలో లాండ్రీ దుకాణం మీద రెండు గదులు. దుకాణం నడిపే ఆస్పినాల్ గారే ఇంటావిడ. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన నేల వెచ్చగా ఉంటుంది. కిటికీలోంచి చూస్తే గ్రౌండు దీపస్తంభాలు కనిపిస్తాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇద్దరూ అప్పుడే కర్టెన్ల రంగు మీద దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు.

"అడ్వాన్సులో సగం నాది," అంది టాన్సీ.

"నాకు జీతం వస్తోందిగా. మొదట్లో నేను పెట్టేస్తా, తరవాత..."

"సగం నాది అన్నాను. మా అన్న పిల్లల గదిలో, డైనోసార్ బొమ్మల దుప్పటి కప్పుకుని పడుకుంటున్నా ఎల్లిస్. నేను టీ పెట్టుకున్నా వదిన నిట్టూరుస్తుంది. అక్కడ్నుంచి లేచొచ్చి నీ ఇంట్లో పడితే నిట్టూర్చేవాళ్ళు మారతారు, అంతే. అది నా ఇల్లు కూడా కావాలి."

"నేను నిట్టూర్చను."

"ఇప్పుడు నిట్టూర్చవులే."

జనవరి చివర్లో, దేశంలోని జట్లన్నీ పోటీపడే కప్పు ఆట పడింది. మహా నగరం నుంచి పెద్ద జట్టు మా చిన్న గ్రౌండుకి రాబోతోంది. మామూలు రోజుల్లో సగం ఖాళీగా ఉండే కుర్చీలన్నీ అమ్ముడుపోయాయి. స్టాళ్ళ ఆడవాళ్ళందరికీ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పని. ఆ ఒక్క రోజు పనితో అడ్వాన్సులో టాన్సీ పెట్టాల్సిన సగం పూర్తవుతుంది. ఆస్పినాల్ గారు సోమవారం దాకా ఆగుతానన్నారు. ఆ తరవాత వేరేవాళ్ళు వరసలో ఉన్నారన్నారు.

దానికి ముందు శనివారం ఇంకో చిన్న ఆట ఉండింది. అసలు కథ అక్కడే వంకర తిరిగింది.

మా ఊళ్ళో చలికాలంలో ఆట ఉందో లేదో తేల్చేది రిఫరీ ఒక్కడే. ఆట రోజు పొద్దున్నే వచ్చి, పచ్చిక మీద అటూ ఇటూ నడిచి, మడమతో తొక్కి చూసి చెబుతాడు. ఎల్లిస్‌కీ, అతని పైవాడు ముసలి విల్ఫ్‌కీ ముందు రోజే తెలిసిపోతుంది. చువ్వ దిగిందా ఆట ఉంది, టంగుమందా లేదు. అయినా రిఫరీ నోట మాట వచ్చేదాకా వాళ్ళు నోరు విప్పరు. అది వాళ్ళ వృత్తి మర్యాద. కన్నతల్లి అడిగినా "రేపు తెలుస్తుంది" అనే అంటారు.

ఆ శనివారం రిఫరీ వచ్చి తొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. రెండు బస్సులు మారి, కొండ మీది నుంచి మంచులో దిగి వచ్చిన టాన్సీని గేటు దగ్గరే వెనక్కి తిప్పారు. తిరుగు బస్సు గంటకి గానీ లేదు. పెదవులు నీలంగా మారి, మఫ్లరులో ముక్కు దూర్చుకుని వణుకుతూ నిలబడ్డ ఆమెని ఎల్లిస్ చూశాడు. అతని ప్రాణం ఉసూరుమంది.

"ఎంత దూరం నుంచి వచ్చావు! ఊరికే!" అన్నాడు.

"పర్లేదు," అంది టాన్సీ, పళ్ళు టకటకలాడుతుండగా.

పర్లేదు అన్నది నిజమే. ఆ మాట వెనక పెద్ద సంగతే ఉంది. పని రద్దు చేసేట్టయితే కంపెనీ ముందు రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు చెప్పాలి. ఆ గీత దాటాక చెబితే షిఫ్టు డబ్బంతా ఇచ్చుకోవాలి. ఎన్నో గొడవల తరవాత, చట్టానికి జడిసి కంపెనీ ఒప్పుకున్న షరతు అది. అందుకే మోరీన్ శుక్రవారాలు చర్చి ముందు నుంచి వెళ్తూ, "దేవుడా, గడ్డకట్టిస్తే శనివారం పొద్దున్న గడ్డకట్టించు తండ్రీ, శుక్రవారం మాత్రం వద్దు," అని దండం పెట్టుకునేది. గేటు దగ్గర వెనక్కి తిరిగిన రోజు వాళ్ళకి పండగ.

ఆ పండగ సంగతి టాన్సీ ఎల్లిస్‌కి చెప్పలేదు. అతను రాత్రి నిద్ర మానుకుని కాపలా కాసిన పచ్చిక ఓడిపోయింది. చేతులు పగిలి, ముఖం వేలాడేసుకుని ఎదురుగా నిలబడ్డాడు. అతని ముందు "భలే అయింది" అని ఎలా అనగలదు? మర్యాదకి ఒక మాట మింగింది. ఆ మింగిన మాటే తరవాత గొంతుకి అడ్డం పడింది.

కప్పు ఆటకి ముందు రోజు, శుక్రవారం పొద్దున, ఎల్లిస్ జనం కూర్చునే పెద్ద స్టాండు నీడ పడే మూలకి వెళ్ళి చువ్వ గుచ్చాడు. టంగుమంది. దుప్పటి కప్పిన చోట కూడా టంగుమంది. ఆకాశం తేటగా, చలి ముదురుతూ ఉంది. రేపు ఆట లేదు. అందులో అనుమానమే లేదు.

కంచె అవతల కంపెనీ మేనేజరు జస్టిన్ పెంబర్టన్ నిలబడ్డాడు. మెరిసే బూట్లు, మెత్తటి గొంతు. ప్రతి శుక్రవారం వచ్చి అడుగుతాడు, ప్రతి శుక్రవారం ఒకే జవాబు విని వెళ్తాడు.

"ఏం ఎల్లిస్, రేపు ఆడతారా?"

రేపు తెలుస్తుంది, అని ఎల్లిస్ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కళ్ళ ముందు నీలం పెదవులు కనబడ్డాయి. కొండ దారి, రెండు బస్సులు, గేటు దగ్గర గంటసేపు వణుకు. తన దగ్గరున్న ఒక్క మాటతో దాన్నంతా ఆపవచ్చు. ఆ మాట మీద విల్ఫ్‌కి కోపం వస్తే రానీ అనుకున్నాడు.

"ఆడరు సార్. ఆ ఆడవాళ్ళని ఈ మంచులో రప్పించకండి. ఇప్పుడే చెప్పేయండి, పాపం."

పెంబర్టన్ ముఖం చాటంత అయింది. "నువ్వు చాలా మంచివాడివయ్యా," అన్నాడు. అతను అన్నాళ్ళలో పలికిన నిజం అదొక్కటే.

గంట గడవకముందే స్టాళ్ళ ఆడవాళ్ళందరి ఫోన్లూ మోగాయి. మధ్యాహ్నానికి ఇంకా సమయం ఉంది.

పనవగానే ఎల్లిస్ మిల్లు వీధికి పరుగు తీశాడు. కర్టెన్లకి కిటికీ కొలత తీసుకోవడానికి టాన్సీ అక్కడికి వస్తానని చెప్పి ఉంది. ఆమె లాండ్రీ తలుపు తోసుకుని బయటికి వస్తోంది. కొలత టేపు చేతిలో చుట్ట చుట్టినట్టే ఉంది.

"రేపు నువ్వు ఆ మంచులో దిగి రానక్కర్లేదు!" అన్నాడు, ఆయాసపడుతూ, పళ్ళన్నీ బయటపెట్టి.

"తెలుసు. మెసేజ్ వచ్చింది."

"ఎవరి వల్ల వచ్చిందో తెలుసా?"

టాన్సీ అతని వంక చూసింది.

"విల్ఫ్‌కి తెలిస్తే నన్ను పాతరేస్తాడు. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చెప్పనిది, నీ కోసం చెప్పాను. పెంబర్టన్‌కి చెప్పేశాను, ఆట లేదు, వాళ్ళని రప్పించకండి అని. పోయిన వారం నిన్ను గేటు దగ్గర చూశాక నాకు నిద్ర పట్టలేదు టాన్సీ."

"ఎప్పుడు చెప్పావు?"

"పొద్దున్నే! వీలైనంత తొందరగా."

టాన్సీ దుకాణం మెట్టు మీద కూలబడింది. నవ్వింది. ఆ నవ్వు ఎల్లిస్‌కి నచ్చలేదు.

"వీలైనంత తొందరగా," అంది. "ఎల్లిస్, రేపు మమ్మల్ని గేటు దగ్గర వెనక్కి తిప్పితే రోజంతటికీ డబ్బివ్వాలి వాళ్ళు. ఇవాళ మధ్యాహ్నం దాటాక చెప్పినా ఇవ్వాలి. మధ్యాహ్నం లోపు చెబితే? గుండు సున్నా. అందుకేగా వాడు ప్రతి శుక్రవారం కంచె దగ్గరికొచ్చి నీకు సలాం కొట్టేది!"

ఎల్లిస్ చిరునవ్వు మెల్లమెల్లగా దిగింది. "నాకు తెలీదు."

"ఎలా తెలుస్తుంది? అడిగితే తెలుస్తుంది."

"ఆ రోజు నువ్వు వణికిపోతున్నావు. పర్లేదన్నావు."

"పర్లేదంటే పర్లేదనే! ఆ రోజు నాకు పూర్తి డబ్బొచ్చింది! నువ్వు ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే నీ ముందు గంతులెయ్యమంటావా?"

లోపల యంత్రాలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎల్లిస్ ఆమె పక్కన కూర్చున్నాడు. కూర్చుని, ఆ రోజు అనగలిగిన మాటలన్నిట్లోకీ చెడ్డ మాట ఎంచుకుని అన్నాడు.

"పోనీలే. నీ సగం నేను పెట్టేస్తా."

టాన్సీ మెట్టు మీంచి లేచింది.

"అయితే అది నీ ఇల్లు. నాకు అన్న ఇల్లు ఉందిగా, ఇంకోటెందుకు?"

"టాన్సీ, నేను మంచికే..."

"నీ మంచి నాకు తెలుసు. రేపు అనేది నా రోజు ఎల్లిస్. నా రోజు గురించి నువ్వూ పెంబర్టనూ కంచె దగ్గర మాట్లాడుకున్నారు. నాకేది మంచిదో మీ ఇద్దరూ తేల్చేశారు. ఆఖరికి నాకో మెసేజ్ వచ్చింది. వాడికీ నీకూ తేడా ఏంటి? వాడు నన్ను ముద్దు పెట్టుకోడు, అంతేగా?"

ఆమె కొలత టేపు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మేలు చేయబోతే కీడు ఎదురవడం అంటారే, అది ఎదురై అతని పక్కన మెట్టు మీద చాలాసేపు కూర్చుంది.

శనివారం రిఫరీ వచ్చాడు, తొక్కాడు, తల అడ్డంగా ఊపాడు. వెనక్కి తిప్పడానికి గేటు దగ్గర ఒక్క మనిషి లేదు. సోమవారం ఆస్పినాల్ గారు ఆ గదులు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయికీ ఆమె మొగుడికీ ఇచ్చేశారు. వాళ్ళు ఆకుపచ్చ కర్టెన్లు కట్టారు. టాన్సీకి ఆకుపచ్చ అంటే ఒళ్ళు మంట.

సంగతి దాగలేదు. పెంబర్టన్ స్టాళ్ళ దగ్గరికొచ్చి, "మీ ఎల్లిస్ పుణ్యమా అని మీకు చలి తప్పింది, థాంక్స్ చెప్పండమ్మా," అన్నాడు. ఆ తరవాతి ఆట రోజు ఎల్లిస్ పై కోసం వెళ్తే మోరీన్ చేతులు కట్టుకుంది.

"అయిపోయాయి," అంది. వెనక ఆవిర్లు కక్కుతూ నాలుగు ట్రేల పైలు ఉన్నాయి.

"మోరీన్ ఆంటీ..."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ? చలి మాది, కాళ్ళు మావి. నిన్నెవరైనా అడిగారా? నా మనవడి పుట్టినరోజు పోయింది. ఆ చివరి స్టాలు హిల్డా కరెంటు మీటరులో వెయ్యడానికి డబ్బుల్లేక చీకట్లో కూర్చుంది. పో, గడ్డికి దుప్పటి కప్పుకో పో."

టాన్సీ అటు తిరిగి కప్పులు కడుగుతోంది. మెడకి మఫ్లరు లేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ చలి బిగిసింది. శుక్రవారం పొద్దున చువ్వ మూలమూలనా టంగుమంది. పెంబర్టన్ ఈసారి వేడి వేడి పంది మాంసం రొట్టె ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. కంచె మీంచి అందించాడు.

"తిను, పొద్దున్నుంచీ చలిలో ఉన్నావు. ఏంటి, రేపు ఆడతారా?"

ఎల్లిస్ రొట్టె వంక చూశాడు. చువ్వ వంక చూశాడు. పచ్చిక విషయంలో అతను అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు.

"ఆడతారు సార్," అన్నాడు. "నేల వెన్నలా ఉంది. నిశ్చింతగా ఉండండి."

వెనక ముసలి విల్ఫ్ బండి తోస్తూ ఆగాడు. పెంబర్టన్ ఈల వేసుకుంటూ వెళ్ళాక దగ్గరికొచ్చాడు.

"పోయినసారి నిజం చెప్పి తప్పు చేశావు. ఈసారి అబద్ధం చెప్పి తప్పు చేశావు," అన్నాడు. "రెండూ ఆ పిల్ల కోసమేనా?"

"అవును."

"దీని వల్ల రేపు నీకేమైనా వస్తే నన్ను అడ్డం పడమనకు. నా వల్ల కాదు."

శనివారం పొద్దున్నే స్టాళ్ళ ముందు ఆడవాళ్ళందరూ బారులు తీరారు. రిఫరీ అడుగు పెట్టీ పెట్టగానే జారి, విల్ఫ్ భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆట రద్దు. షిఫ్టు డబ్బు పూర్తిగా ఇవ్వాల్సిందే. మోరీన్ ఆ మంచు మీదే రెండు అడుగులు నాట్యం చేసి పడబోయింది. పెంబర్టన్ మెరిసే బూట్లతో వచ్చి కంచె దగ్గర నిలబడి ఎల్లిస్‌ని అలా చూస్తూ ఉండిపోయాడు.

గ్రౌండు అవతలి నుంచి టాన్సీ కూడా చూసింది. ఆమెకి అర్థమయింది. అందరూ నవ్వుతుంటే ఆమె ఒక్కతే నవ్వలేదు.

పెంబర్టన్ క్లబ్బు పెద్దల చెవిలో ఏం ఊదాడో నాకు తెలీదు. లోపలి మాట ముందే తెలుసుకుంటున్నానని చెప్పుకోలేడు కదా. మీ కుర్రాడి మాట నమ్మడానికి లేదు అని ఉంటాడు. క్లబ్బువాళ్ళు చాలా మర్యాదగా, ఖర్చులు తగ్గించుకుంటున్నామన్నారు. ఎల్లిస్ నెల జీతం పోయింది. ఇక నుంచి ఆట ఉన్న రోజుల్లో, అవసరమైతే, ఫోనుకి మెసేజ్ పెడతారు. పిలిస్తే రావాలి. విల్ఫ్ అడ్డం పడలేదు.

మార్చిలో ఒక శుక్రవారం. మూడు రోజుల నుంచి వాన, గ్రౌండు చెరువైందని ఊరంతా చెప్పుకుంటున్నారు. టాన్సీ బేకరీలో పని దొరుకుతుందేమో అడిగి వచ్చి, మార్కెట్టు ముందు బస్సు కోసం కూర్చుంది. బేకరీవాళ్ళు కూడా అవసరమైతే మెసేజ్ పెడతామన్నారు. వీధి దాటుతున్న ఎల్లిస్ ఆమెని చూసి ఆగాడు. వర్షంలో తడుస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగాడు.

"బస్సు వచ్చేదాకా కూర్చో."

కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటుంది. అతని జేబులో ఫోను మోగింది. చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏంటి?"

"రేపు రావద్దట."

"టైమెంతయింది? ఇంకా పన్నెండు కాలేదుగా," అంది టాన్సీ. "మీవాళ్ళూ బాగా నేర్చుకున్నారు."

ఎల్లిస్ నవ్వబోయి మానేశాడు. "టాన్సీ, ఆ రోజు నేను..."

"నేను నిన్ను అబద్ధం ఆడమని అడగలేదు."

"తెలుసు."

"అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు. మోరీన్ నీకు పైలు ఊరికే ఇస్తోందట. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. మొదటిసారి నా ఇల్లు పోయింది, నన్ను అడగలేదు. రెండోసారి నీ పని పోయింది, అప్పుడూ అడగలేదు. అడిగుంటే కాళ్ళు పట్టుకుని వద్దనేదాన్ని. ప్రేమంటే ఇదేనా? ఒకళ్ళకి చెప్పకుండా ఒకళ్ళు మునిగిపోవడం?"

"నీకు చెబితే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసీ చేశావు. అది ఇంకా గొప్పగా ఉంది."

టాన్సీ చేతి వేళ్ళు ఒత్తుకుంటూ ఎదురుగా వాన వంక చూస్తూ అంది.

"నిన్ను ప్రేమించడం మానేశాననుకోకు. మానేసుంటే ఇంత కోపం ఎందుకు? హాయిగా ఉండేదాన్ని."

నీకు పని వెతుకుతాను, ఇల్లు వెతుకుతాను, బస్సెందుకు నేను దింపుతాను, అని ఎన్నో మాటలు ఎల్లిస్ నోటి దాకా వచ్చాయి. అన్నీ అతనే తేల్చేసిన మాటలు. ఒక్కొక్కటే మింగాడు. మింగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మలుపులో బస్సు కనబడింది. టాన్సీ లేచి చెయ్యి ఊపింది.

"టాన్సీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"రేపు నీకు ఖాళీయేనా?"

"ఖాళీయే. నాక్కూడా పొద్దున్నే మెసేజ్ వచ్చింది."

"అయితే మనం... కాదు. నీకేం చెయ్యాలనుంది?"

బస్సు మెట్టు మీద ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, చాలా రోజుల తరవాత, అతని ముఖంలోకి సూటిగా చూసింది. నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి కష్టపడినట్టే ఉంది.

"ఆలోచించి మెసేజ్ పెడతా," అంది. "ఎదురుచూడు."

బస్సు కదిలింది. ఎల్లిస్ జేబులోంచి ఫోను తీసి, చేతిలో పట్టుకుని, అక్కడే కూర్చున్నాడు.